డోపమైన్ సంగతి సరే, ఆ పాత స్నేహితుడికి మెసేజ్ ఎప్పుడు పెడతారు?

సంతోషం మీద ఏ వ్యాసం తెరిచినా నాలుగు మెదడు రసాయనాల పేర్లు వరుసగా కనిపిస్తాయి: డోపమైన్, సెరొటోనిన్, ఆక్సిటోసిన్, ఎండార్ఫిన్. ఒక్కోదాని పక్కన ఒక్కో చిట్కా. పని పూర్తి చేస్తే మొదటిది, ఎండలో నడిస్తే రెండోది, కౌగిలించుకుంటే మూడోది, పరుగెత్తితే నాలుగోది. చదవడానికి బాగుంటుంది, ఫార్వర్డ్ చేయడానికి ఇంకా బాగుంటుంది. కానీ ఆ పట్టికలో మెదడు గురించి చెప్పింది చాలావరకు పొరపాటు, మనల్ని చేయమన్నది చాలావరకు అస్పష్టం. ఇదే రంగంలో, అంత హడావుడి లేకుండా, మరో రకం పరిశోధన గత పది పదిహేనేళ్లుగా పోగవుతోంది. మనం పలకరిస్తే ఎదుటి మనిషికి ఎలా ఉంటుందన్న మన అంచనా ఎంత తప్పుతుందో, ఎటువైపు తప్పుతుందో అది కొలుస్తోంది. సంతోషం కోసం సైన్సు వైపు చూసేవాళ్లకు ఆ నాలుగు రసాయనాల కంటే ఈ అంచనా తప్పే ఎక్కువ పనికొస్తుందన్నది నా వాదన.

ముందు డోపమైన్ లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే దాని అసలు కథ ప్రచారంలో ఉన్న కథ కంటే బాగుంటుంది. కోతుల మెదళ్లలో డోపమైన్ కణాల స్పందనను వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ నేరుగా రికార్డు చేశారు. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి 1997లో సైన్స్ పత్రికలో ఆ ఫలితాలకు అర్థం చెప్పారు. కోతి నోట్లో అనుకోకుండా పండ్లరసం చుక్క పడితే మధ్యమెదడులోని ఈ కణాలు ఒక్కసారిగా ఎగసి స్పందించాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక సంకేతం ఇస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ ఎగసే స్పందన సంకేతం దగ్గరికి జరిగింది. రసం పడినప్పుడు కణాలు ఇక పట్టించుకోలేదు. అదే రసం, అదే నాలుక, స్పందన మాత్రం లేదు. ఇక సంకేతం ఇచ్చి రసం ఆపేస్తే, రసం రావాల్సిన సరిగ్గా ఆ క్షణంలో కణాల చురుకు మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయింది. ఆ కణాలు చెబుతున్నది రుచి సంగతి కాదన్నమాట. అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడా ఎంతో చెబుతున్నాయి. ఆ తేడా చూసుకునే మెదడు తర్వాతి అంచనాను దిద్దుకుంటుంది.

మరి రుచి ఆస్వాదన ఎక్కడుంది? మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ ఎలుకల్లో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తీసేసి చూశారు. ఆ ఎలుకలు తిండి ఎదురుగా ఉన్నా దాని జోలికి వెళ్లవు, వదిలేస్తే పస్తులతోనే చచ్చిపోతాయి. కానీ నోట్లో చక్కెర నీళ్లు పోస్తే మామూలు ఎలుకల్లాగే నాలుక చాపి చప్పరిస్తాయి. కావాలన్న తహతహ పోయింది, తీపి తీపిగానే ఉంది. ఆస్వాదనను పెంచే చోట్లు మెదడులో చాలా చిన్నవి. న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగంలో ఎలుకకు ఉన్న అలాంటి చోటు సుమారు ఒక ఘన మిల్లీమీటరు. అక్కడ పని నడిపేది ప్రధానంగా మెదడు సొంతంగా తయారు చేసుకునే, నల్లమందు తరహా రసాయనాలైన ఓపియాయిడ్ల వంటివి. చూసి ఆనందించేదేమీ లేదని తెలిసినా ఫోను స్క్రీన్ మీద వేలు ఆగకపోవడం ఎలా సాధ్యమో ఈ తేడా కొంతవరకు చెబుతుంది. ఒకరోజు సరదాలన్నీ మానేస్తే డోపమైన్ 'రీసెట్' అవుతుందన్న ప్రచారానికి మాత్రం ఈ ప్రయోగాల్లో ఆధారం దొరకదు.

ఆక్సిటోసిన్ కథ ఇంకా త్వరగా ముగుస్తుంది. 2005లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం బృందం 24 యూనిట్ల ఆక్సిటోసిన్‌ను ముక్కులో స్ప్రే చేసి మనుషులతో ఒక డబ్బు ఆట ఆడించింది. స్ప్రే తీసుకున్నవాళ్లు ముక్కూమొహం తెలియని భాగస్వామికి ఎక్కువ డబ్బు అప్పగించారు. నేచర్ పత్రికలో ఆ వ్యాసం రాగానే 'నమ్మకపు హార్మోన్' పుట్టింది. ఫలితాన్ని బట్టి లెక్క మార్చుకునే వీలు లేకుండా ప్రణాళికను ముందే నమోదు చేసి, మరింత మందితో 2020లో అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే మొత్తంమీద ఆ ప్రభావం కనిపించలేదు. జీవితాంతం జంట వీడని ప్రెయిరీ వోల్ అనే ఎలుకజాతి జంతువును ఆక్సిటోసిన్ మహిమకు పెద్ద సాక్ష్యంగా చూపించేవారు. ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకమే లేకుండా జన్యువును కత్తిరించినా ఆ వోల్స్ జంట కట్టాయని 2023లో తేలింది.

మెదడు చిత్రాల సంగతీ కొంచెం చూడాలి. ఆటలోంచి వెలివేస్తే మెదడులో శారీరక నొప్పికి స్పందించే చోటే వెలుగుతుందని 2003లో 13 మందితో చేసిన ప్రయోగం చెప్పింది. అప్పటినుంచి 'మనసు గాయం, ఒంటి గాయం మెదడుకు ఒక్కటే' అన్న మాట లోకమంతా తిరుగుతోంది. నిజానికి ఆ ప్రాంతం నొప్పికే పరిమితం కాదు, తికమక పెట్టే పని ఏది ఇచ్చినా వెలుగుతుంది. 2014లో ఇంకా సూక్ష్మంగా విశ్లేషిస్తే రెండు బాధల నమూనాలూ వేరువేరని కనిపించింది. ఇలాంటి చిత్రాలు చూసి మురిసిపోయే ముందు క్రెయిగ్ బెన్నెట్ బృందం 2009లో ప్రకటించిన ప్రయోగాన్ని గుర్తుచేసుకుంటే మంచిది. వాళ్లు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫోటోలు చూపిస్తూ, ఆ మనిషి ఏ భావోద్వేగంలో ఉన్నాడో చెప్పమని అడిగారు. వేల బిందువులను ఒకేసారి పోల్చేటప్పుడు చేయాల్సిన గణాంక సవరణ చేయకపోతే, చేప మెదడు 'ఆలోచిస్తున్నట్టు' కనిపించింది. 2012లో ఈ పనికి ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. ఇవ్వాల్సిందే.

మెదడు సైన్సు అంతా దండగ అని నా ఉద్దేశం కాదు. 2020లో ఎంఐటీ పరిశోధకులు 40 మందిని ఒకరోజు పది గంటలపాటు మనుషులకూ ఫోనుకూ దూరంగా, మరోరోజు పది గంటలపాటు తిండికి దూరంగా ఉంచారు. ఒంటరిగా ఉన్నాక జనం కలిసి కబుర్లాడుకునే బొమ్మలు చూపిస్తే, పస్తున్నాక తిండి బొమ్మలు చూపిస్తే, రెండు సందర్భాల్లోనూ డోపమైన్ కణాలుండే మధ్యమెదడు ప్రాంతం ఒకే తీరులో స్పందించింది. మనుషుల కోసం ఆకలి వేస్తుందన్నమాట. ఇక్కడొక ప్రశ్న మిగిలిపోతుంది. తిండి ఆకలి వేస్తే తింటాం. మనుషుల ఆకలి వేసినా పలకరించం. ఎందుకు?

దీనికి నాకు దొరికిన మంచి జవాబు ఒక రైల్లో ఉంది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన ప్రయోగం అది. నగరంలోకి ఉద్యోగాలకు వెళ్లే ప్రయాణికులను శివారు స్టేషన్‌లో ఆపి మూడు గుంపులు చేశారు. ఒక గుంపును పక్కన కూర్చున్న కొత్త మనిషితో మాట కలపమన్నారు. రెండో గుంపును ఎవరితోనూ మాట్లాడకుండా తమ లోకంలో తాము ఉండమన్నారు. మూడో గుంపును రోజూ ఎలా వెళ్తారో అలాగే వెళ్లమన్నారు. దిగాక ప్రశ్నపత్రం నింపి పోస్టులో పంపాలి. మాట కలిపినవాళ్ల ప్రయాణమే అన్నిటికన్నా బాగా గడిచింది. అదే రకం ప్రయాణికులను విడిగా పట్టుకుని, ఈ మూడింట్లో ఏది బాగుంటుందో ఊహించమంటే, ఒంటరి ప్రయాణమే హాయి అని, కొత్తవాళ్లతో మాట్లాడటం అన్నిటికన్నా ఇబ్బంది అని చెప్పారు. పూర్తిగా తలకిందులు.

ఆ ప్రయోగంలో నాకు అసలు విషయం అనిపించేది మరొకటి. ప్రయాణికుల్లో ఎంతమంది మీతో మాట్లాడటానికి ఇష్టపడతారని అడిగితే, వచ్చిన అంచనా సగం కూడా లేదు, నలభై శాతం దగ్గర ఆగింది. మాట కలపమన్న గుంపులో ఒక్కరు కూడా తమను తోసిపుచ్చారని రాయలేదు. పక్కపక్క సీట్లలో ఇద్దరుంటారు. మాట్లాడితే బాగుండునని ఇద్దరికీ లోపల ఉంటుంది. 'ఆయనకు ఇష్టం లేదేమో' అని ఈయన, 'ఈయనకు ఇష్టం లేదేమో' అని ఆయన నోరు మెదపరు. ఒకరి మౌనం ఇంకొకరి అంచనాకు రుజువైపోతుంది. లండన్‌కు వెళ్లే రైళ్లలోనూ తర్వాత ఇదే పద్ధతిలో చేసి చూశారు, ఫలితం అటే మొగ్గింది.

మళ్లీ కోతి దగ్గరికి వద్దాం. అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా కనబడితేనే అంచనా దిద్దుబాటు అవుతుంది. రసం రుచి చూడని కోతికి దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. పలకరించకుండా ఊరుకున్న మనిషి పరిస్థితీ అంతే. తన అంచనా తప్పని చెప్పే సమాచారం అతనికి ఎప్పటికీ చేరదు. రెండింటినీ ఇలా కలపడం నా ఊహేగానీ, ప్రయోగశాలలో తేలిన విషయం కాదు. కానీ ఈ చూపుతో చూస్తే తర్వాతి ఫలితాలు చాలా ఒక వరుసలోకి వస్తాయి.

2018లో ఎరికా బూత్‌బీ, గస్ కూనీ, జిలియన్ శాండ్‌స్ట్రామ్, మార్గరెట్ క్లార్క్ అపరిచితులను జంటలుగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడించారు. తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా రెండు ప్రశ్నలడిగారు: ఎదుటివాళ్లు మీకెంత నచ్చారు, మీరు వాళ్లకు ఎంత నచ్చి ఉంటారు? రెండో దానికి వేసుకున్న అంకె, ఎదుటివాళ్లు నిజంగా వేసిన అంకె కన్నా తక్కువగా వస్తూ ఉంది. ఒకే గదిలో కొత్తగా చేరిన విద్యార్థుల్లో ఈ తేడా నెలల తరబడి కొనసాగింది. మాటలు ముగిశాక మనం మన మాటలనే తిరగేసుకుంటాం: ఆ జోకు పేలలేదు, ఆ విషయం ఎత్తకుండా ఉండాల్సింది. ఎదుటి మనిషికి మన మనసులోని ఆ విమర్శకుడి గొంతు వినబడదు.

అమిత్ కుమార్, ఎప్లీ చేసిన కృతజ్ఞతా లేఖల ప్రయోగం కారణాన్ని ఇంకొంచెం విప్పి చెబుతుంది. తమ జీవితంలో మేలు చేసినవాళ్లకు ఉత్తరం రాయించి, అది అందుకున్నవాళ్లకు ఎలా ఉంటుందో రాసినవాళ్లను ముందే ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లనే అడిగారు. పంపినవాళ్లు రెండు వైపులా తప్పారు. అవతలివాళ్లు ఇబ్బందిపడతారన్న అంచనా మరీ ఎక్కువ, సంతోషిస్తారన్న అంచనా మరీ తక్కువ. రాసేవాడి ధ్యాసంతా తన సామర్థ్యం మీద ఉంటుంది: సరిగ్గా రాశానా, అతిగా ఉందా, మాటలు కుదిరాయా? చదివేవాడు ఆ పరీక్ష పెట్టడు. అతనికి అందేది ఆ ఉత్తరంలోని ఆప్యాయత. ఒకరు ఒక కొలతతో కొలుస్తుంటే ఇంకొకరు మరో కొలతతో అందుకుంటున్నారు. షికాగోలో మంచు మీద స్కేటింగ్ చేసే చోట వేడి చాక్లెట్ కప్పు తెలియనివాళ్లకు ఇప్పించినప్పుడూ ఇదే తేడా కనిపించింది. ఇచ్చినవాళ్లు అదో చిన్న పని అనుకున్నారు, పుచ్చుకున్నవాళ్లకు అది అంతకన్నా పెద్దది.

సాయం అడగడంలోనూ మన లెక్క ఇలాగే తప్పుతుంది. కొద్దిమందితో ప్రశ్నపత్రం నింపించుకు రావాల్సినవాళ్లు, నిజంగా అవసరమైనదానికి దాదాపు రెట్టింపు మందిని అడగాల్సి వస్తుందనుకున్నారని ఫ్రాన్సిస్ ఫ్లిన్, వనెస్సా లేక్ 2008లో చూపించారు. కాదనడం అవతలివాడికి ఎంత ఇబ్బందో అడిగేవాడు లెక్కలో వేసుకోడు.

ఇక శీర్షికలోని ప్రశ్న. లారా ఆక్నిన్, జిలియన్ శాండ్‌స్ట్రామ్ 2024లో ప్రచురించిన పరిశోధన పాత స్నేహితుల గురించే. మాటలు తెగిపోయిన స్నేహితుడు ఒకరున్నారు, మళ్లీ కలవాలని ఉంది, ఫోను నంబరుంది, మెసేజ్ పెడితే సంతోషిస్తారనీ తెలుసు. ఇలాంటివాళ్లనే ఏరి, మెసేజ్ రాసుకోవడానికి సమయమిచ్చి, ఇప్పుడు పంపమన్నారు. పంపినవాళ్లు మూడో వంతు కూడా లేరు. పాత స్నేహితుడిని పలకరించడానికి మనుషులు చూపించే సుముఖత, కొత్త మనిషితో మాట్లాడటానికీ చెత్త ఏరడానికీ చూపించే సుముఖత కన్నా ఎక్కువేమీ కాదని కూడా వాళ్లు కొలిచారు. ఇన్నాళ్ల ఎడబాటు తర్వాత ఆ స్నేహితుడు మనకు దాదాపు కొత్త మనిషైపోతాడు. ఏది పని చేసిందంటే, చిన్న సాధన. ముందు ఇప్పటి స్నేహితులకు కొద్ది నిమిషాలు మెసేజ్‌లు పెట్టించి, ఆ ఊపులో పాత స్నేహితుడి పేరు తెరవమన్నారు. పంపినవాళ్ల సంఖ్య మూడింట రెండు వంతుల మేర పెరిగింది.

కాబట్టి పద్ధతి కూడా అక్కడినుంచే తీసుకోవచ్చు. ఖాళీగా కూర్చుని నేరుగా పాత పేరు తెరిస్తే వేలు ఆగిపోతుంది. ముందు మీరు రోజూ మాట్లాడేవాళ్లకు రెండు మూడు మెసేజ్‌లు పెట్టండి, ఏదైనా సరే. అవి వెళ్లిన వెంటనే, ఫోను కింద పెట్టకుండా, పాత పేరు తెరవండి. మెసేజ్ నాలుగు వాక్యాలు దాటనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"ఒరేయ్, ఇవాళ ఎవరో పరీక్షల గురించి మాట్లాడుతుంటే నువ్వు గుర్తొచ్చావు. లెక్కల పరీక్ష ముందు రోజు రాత్రి రెండింటి దాకా కూర్చుని నాకు చెప్పావు చూడు, అది ఎప్పుడూ మర్చిపోలేదు. ఎలా ఉన్నావు? తీరిక ఉన్నప్పుడే రిప్లై ఇవ్వు."

ఇందులో మూడు పనులు జరిగాయి. ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చాడో చెప్పాం, లేకపోతే 'ఏం అవసరం పడిందో' అన్న అనుమానం మొదలవుతుంది. ఇద్దరికీ మాత్రమే తెలిసిన ఒక సంగతి పెట్టాం, లేకపోతే అది పండగ శుభాకాంక్షల ఫార్వర్డ్‌లా కనిపిస్తుంది. చివర బరువు తీసేశాం. ఇన్నేళ్లు పలకరించనందుకు రెండు పేరాల క్షమాపణ రాయడం నా ఉద్దేశంలో పెద్ద పొరపాటు. చదివినవాడు ముందు మిమ్మల్ని ఓదార్చి, తర్వాత తన వంతు సంజాయిషీ కూడా ఇచ్చుకోవాలి, అందుకే జవాబు వాయిదా పడుతుంది. ఉద్యోగం, అప్పు, రికమెండేషన్ లాంటి అవసరం నిజంగానే ఉంటే మొదటి వాక్యంలోనే చెప్పేయండి. పది మెసేజ్‌ల తర్వాత బయటపడే అవసరం ముందటి పదింటినీ పాడు చేస్తుంది.

జవాబు వచ్చాక ఫోను చేయండి. 2021లో కుమార్, ఎప్లీ దీన్నీ పరీక్షించారు. పాత స్నేహితుడితో ఫోనులో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటుందని, ఈమెయిలే నయమని చాలామంది అనుకున్నారు. చేసి చూస్తే ఫోను అదనంగా ఇబ్బంది పెట్టలేదు, దగ్గరితనం మాత్రం ఎక్కువైంది. గొంతులో ఉన్నది అక్షరాల్లో ఉండదు.

కృతజ్ఞత చెప్పేటప్పుడు 'అన్నిటికీ థాంక్స్' అనడం దాదాపు ఏమీ అనకపోవడమే. వాళ్లు చేసిన ఒక పని, దానివల్ల మీకు జరిగింది ఏమిటో, ఇప్పుడు మీరెక్కడ ఉన్నారో రాయండి. భాష దిద్దుతూ కూర్చోవద్దు, అవతలివాళ్లు చూసేది భాషను కాదని ఇందాకే అనుకున్నాం. కృతజ్ఞతల డైరీ రాసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. సోన్యా లుబొమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు చేసిన ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకే మేలు కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. రోజూ రాస్తే అది హోంవర్క్ అవుతుంది. ఈ ప్రయోగం పాతది, కాబట్టి వారానికోసారి అన్నదాన్ని శాసనంలా పట్టుకోకండి. విసుగు పుడితే తగ్గించండి.

కొత్తవాళ్లతో మాట కలిపేటప్పుడు చోటు ముఖ్యం. తనంతట తానే ముగిసే సందర్భాన్ని ఎంచుకోండి: క్యూ, వెయిటింగ్ రూమ్, రెండు స్టేషన్ల మధ్య దూరం. మొదటి మాట ఇద్దరి కళ్ల ముందూ ఉన్న దాని గురించి ఉంటే చాలు, తెలివిగా ఉండనక్కర్లేదు. పని చేసేది రెండో ప్రశ్న. అది మీ జేబులోంచి రాకూడదు, వాళ్లు ఇప్పుడిచ్చిన జవాబులోంచి పుట్టాలి. జవాబును పట్టుకుని అడిగే ప్రశ్నలు ఎక్కువ అడిగినవాళ్లు ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చుతారని హార్వర్డ్ పరిశోధకులు 2017లో చూపించారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో పుస్తకం ఉన్న మనిషిని వదిలేయండి. రెండు ముక్తసరి జవాబులు వస్తే ఆగిపోండి, అది మీకు పడ్డ మార్కు కాదు.

ముగించడం దగ్గర అందరూ తడబడతారు, అందులో కొత్తేమీ లేదు. ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసిన సంభాషణలు నూటికి రెండు ఉన్నాయని 2021లో ఆడమ్ మాస్ట్రొయాని బృందం లెక్కేసింది. అవతలివాళ్లు ఎప్పుడు చాలనుకుంటున్నారో మనకు తెలియదు, మన సంగతి వాళ్లకు తెలియదు. కాబట్టి కనిపెట్టే ప్రయత్నం మానేసి, 'మీతో మాట్లాడటం బాగుంది, ఇక నేను పని చూసుకుంటా' అని లేవడమే మర్యాద.

ఒక్కసారి చేసి ఆపేస్తే లాభం లేదు. శాండ్‌స్ట్రామ్, బూత్‌బీ, కూనీ 2022లో ఒక వారమంతా రోజూ కొత్తవాళ్లతో మాట్లాడే ఆట పెట్టారు: టోపీ పెట్టుకున్న మనిషిని వెతుకు, మాట్లాడు, ఇలా. తోసిపుచ్చుతారన్న భయం రోజురోజుకూ తగ్గింది, ఆట అయిపోయాకా తగ్గినట్టే నిలిచింది. ఒకే ఒక్క మంచి సంభాషణ జరిగితే మనసు దాన్ని 'ఆయనెవరో మంచివాడు, నా అదృష్టం' అని పక్కన పెట్టేస్తుంది. అలా పక్కన పెట్టే వీలు లేనన్ని సార్లు జరగాలి.

ఇతరుల కోసం ఖర్చు చేయడం గురించి ఒక్క మాట. ఎలిజబెత్ డన్, ఆక్నిన్, మైకేల్ నార్టన్ 2008లో 46 మందికి 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి సాయంత్రం ఐదింటిలోగా తమకోసమో ఇతరుల కోసమో ఖర్చు చేయమన్నారు. ఇతరుల కోసం ఖర్చు చేసినవాళ్లు ఎక్కువ సంతోషంగా ఉన్నారు, మొత్తం ఎంతన్నది తేడా చూపలేదు. 46 అన్నది చిన్న సంఖ్య. అందుకే వీళ్లే 2020లో 712 మందితో, ప్రణాళిక ముందే నమోదు చేసి మళ్లీ చేశారు, ఫలితం నిలబడింది. షరతులున్నాయి: ఇచ్చేది మన ఇష్టంతో ఇవ్వాలి, ఎవరికి చేరుతుందో తెలియాలి, దానివల్ల ఏం జరిగిందో కనబడాలి. నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కోసుకుపోయే విరాళం ఎంతో మంచి పని కావచ్చు, కానీ దాన్నుంచి ఈ సంతోషాన్ని ఆశించకండి.

ఇప్పుడు ఈ వాదనకు ఎదురు నిలిచేవి. జనంతో కలిస్తే అలసిపోయే అంతర్ముఖుల మాటేమిటన్నది నిజమైన ప్రశ్నే. ఒక వారం బహిర్ముఖుల్లా ప్రవర్తించమని 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు చేసిన ప్రయోగంలో సగటున సంతోషం పెరిగింది. కానీ బాగా అంతర్ముఖులైనవాళ్లకు లాభం తక్కువ, అలసట ఎక్కువ, 'ఇది నేను కాదు' అన్న భావన ఎక్కువ. రోజంతా నటించమంటే అలాగే ఉంటుంది. వాళ్లకు మెసేజ్, ఉత్తరం, ఒక్క మనిషితో అరగంట సరిపోతాయి. రైల్లో ఐదు నిమిషాలు వేరు, వారమంతా వేషం వేయడం వేరు.

భద్రత ఇంకో సంగతి. అపరిచితుడితో మాట్లాడటానికి ఒక స్త్రీ వెనకాడితే అది అంచనా పొరపాటని ఈ పరిశోధనలేవీ చెప్పవు. అవి ఎక్కువగా పట్టపగలు, జనం మధ్య జరిగినవి.

ప్రభావాల సైజు గురించీ నిజం చెప్పుకోవాలి. చాలా ప్రయోగాలు కొలిచింది ఆ కాసేపటి మూడ్‌ను. డనిగన్ ఫోక్, ఎలిజబెత్ డన్ 2023లో బాగా ప్రచారంలో ఉన్న ఐదు మార్గాలను జల్లెడ పట్టారు: కృతజ్ఞత, జనంతో కలవడం, వ్యాయామం, ధ్యానం, ప్రకృతి. తగినంత మందితో, ముందే నమోదు చేసి చేసిన ప్రయోగాలు 57 మాత్రమే మిగిలాయి. సంతోషాన్ని పెంచుతాయన్న విషయంలో వ్యాయామానికీ ధ్యానానికీ ప్రకృతికీ ఆ గట్టి ఆధారం పలచగా ఉంది. కృతజ్ఞతకూ జనంతో కలవడానికీ కొంత మెరుగు, అదీ ఎక్కువగా అప్పటికప్పుడు కనిపించే మేలు. వ్యాయామం మానేయమని కాదు, గుండెకు దాని అవసరం వేరే ఉంది.

స్నేహితులుంటే ఆయుష్షు పెరుగుతుందన్న మాటకు ఆధారం జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ 2010 విశ్లేషణ: 148 అధ్యయనాలు, 3,08,849 మంది, గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ. అవే మనుషుల జీవితాలను దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చిన, 1938లో మొదలైన హార్వర్డ్ అధ్యయనాన్ని కూడా దీని పక్కనే చూపిస్తారు. రెండూ విలువైనవే. కానీ జబ్బు పడ్డవాళ్లకు స్నేహాలు నిలుపుకోవడమే కష్టం, కాబట్టి ఏది దేనికి కారణమో ఇలాంటి పరిశీలనలు ఒక్కటే తేల్చలేవు. ఇవి చూపించి 'ఒంటరిగా ఉంటే చచ్చిపోతావు' అని బెదిరించడం అన్యాయం.

అంతకన్నా అన్యాయం, సంబంధాల పరిశోధన చూపించి 'డబ్బుదేముంది' అనడం. డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ 2010లో ఏడాదికి 75,000 డాలర్ల దగ్గర రోజువారీ సంతోషం ఆగిపోతుందన్నారు. మాథ్యూ కిలింగ్స్‌వర్త్ 2021లో ఫోను ద్వారా అప్పటికప్పుడు అడిగి చూస్తే ఆగడం కనబడలేదు. కానమన్, కిలింగ్స్‌వర్త్ గొడవ పడకుండా కలిసి కూర్చుని 2023లో తేల్చింది: అందరికన్నా దుఃఖంలో ఉన్న ఐదో వంతు మందికే ఆదాయం ఒక స్థాయి దాటాక ప్రయోజనం చదునవుతుంది, మిగతావాళ్లకు పెరుగుతూనే ఉంటుంది. అద్దె కట్టలేని మనిషికి కృతజ్ఞతా లేఖలు సలహా ఇవ్వకండి. వారాల తరబడి నిద్ర, ఆకలి, ఆసక్తి పోయిన మనిషికి కూడా ఇవ్వకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మిగతావాళ్లు ఈ వాదనను నమ్మనక్కర్లేదు, పరీక్షించుకోవచ్చు. మెసేజ్ పెట్టే ముందు, ఫోను చేసే ముందు, మాట కలిపే ముందు రెండు అంకెలు సున్నా నుంచి పది లోపు రాసుకోండి: ఎంత ఇబ్బందిగా ఉంటుంది, అవతలివాళ్లకు ఎంత బాగుంటుంది. అయిపోయిన వెంటనే, రాత్రి దాకా ఆగకుండా, మొదటిదానికి మళ్లీ అంకె వేయండి, ముందు వేసిన అంకె చూడకుండా. రెండోది మీరు వేయలేరు, అవతలివాళ్ల జవాబే దానికి ఆధారం. కనీసం ఐదారుగురితో చేశాక తేడా ఎటు వైపుందో చూడండి. ఒకరిద్దరితో ఆపితే ఏమీ తేలదు. జవాబు రాని మెసేజ్‌కు సున్నా వేయకండి, ఖాళీ వదిలేయండి. నంబరు మారి ఉండొచ్చు, చూసి సంతోషించి తర్వాత రాద్దామనుకుని మర్చిపోయి ఉండొచ్చు. నెల రోజుల తర్వాత ఇంకొక్కసారి, ఈసారి రెండు వాక్యాల్లో పెట్టండి. దానికీ రాకపోతే ఆ పేరు వదిలి, జాబితాలో తర్వాతి పేరు తెరవండి.